రెండు చెడిపోయిన బోరు సెట్ల నుంచి ఒక నడిచే సెట్టు కట్టడం ఎలా

పలమనేరు, వి.కోట, కుప్పం వైపు రైతుల షెడ్లలో ఓ మూలకు ఒకటో రెండో పాత సబ్‌మెర్సిబుల్ సెట్లు (బోరు నీళ్లలో మునిగి నడిచే మోటారు, పంపు జంటలు) పడి ఉండటం మామూలే. ఒకదాంట్లో మోటారు కాలిపోయి ఉంటుంది, పంపు బాగుంటుంది. ఇంకోదాంట్లో పంపును ఇసుక తినేసి ఉంటుంది, మోటారుకు ఏమీ అయి ఉండదు. ఎండిన బోర్లలోంచి ఎత్తి పక్కన పడేసినవి వేరే. ఒక యంత్రాన్ని విప్పి ఆ సామాన్లతో ఇంకోదాన్ని నడిపించడాన్ని ఇంగ్లీషులో ‘కేనిబలైజ్’ చేయడం అంటారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక వర్క్‌షాపుల నుంచి వచ్చిన వాడుక ఇది. చిత్తూరు జిల్లాలో ఏ వైండింగ్ అంగడికి వెళ్లినా ఈ పని రోజూ కనిపిస్తుంది. సరిగా చేస్తే ఆ సెట్టు నాలుగైదేళ్లు నీళ్లు పోస్తుంది. కొలతలు చూడకుండా బిగిస్తే మొదటి నెలలోనే వెయ్యి అడుగుల లోతు నుంచి మళ్లీ ఎత్తాలి. ఎత్తుడు, దింపుడు కూలి మిగిల్చిన డబ్బును మింగేస్తుంది.

ఇక్కడ చెప్పేది మూడు ఫేజుల వ్యవసాయ సెట్ల గురించి, ముఖ్యంగా ఆరున్నర అంగుళాల బోర్లలో దించే వి6 (ఆరు అంగుళాల) సైజు వాటి గురించి. ఇళ్లకు వేసే ఒకటి, ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజు వి4 (నాలుగు అంగుళాల) సెట్లకు ఇంత శ్రమ దండగ. వాటిలో చాలావాటికి లోపల నూనె ఉంటుంది, బయట విప్పేవి కావు. కొత్తది కొనుక్కోవడమే మేలు.

ఏది ఇచ్చేది, ఏది పుచ్చుకునేది

రెండు సెట్లనూ ఒకేసారి విప్పి కుప్ప పోసుకుంటే సాయంత్రానికి ఏ బౌల్ (నీళ్లు తోసే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, తిరిగే గిన్నె) దేనిదో ఎవరికీ తెలియదు. పానా పట్టకముందే ఒక సెట్టును ‘ఇచ్చేది’గా, ఇంకోదాన్ని ‘పుచ్చుకునేది’గా ఖాయం చేయాలి. మధ్యలో మనసు మార్చుకోకూడదు. పుచ్చుకునేదాంట్లోంచి తీసిన చెడ్డ భాగానికి వెంటనే ఎర్ర పెయింటు పూయండి. పాత ఇంపెల్లరూ మంచి ఇంపెల్లరూ కడిగాక ఒకేలా కనిపిస్తాయి, చేతికి దొరికింది వేసేస్తాం.

ఈ పనిలో కూలి రెండింతలని ముందే లెక్క వేసుకోవాలి. ఒక భాగాన్ని మంచి చోటి నుంచి విప్పాలి, చెడ్డ చోటి నుంచి చెడ్డదాన్ని విప్పాలి, మళ్లీ బిగించాలి. విప్పినప్పుడల్లా ఒక మర పోయే ప్రమాదం, ఒక ఓ-రింగు తెగే ప్రమాదం ఉంటాయి. అమెరికా నౌకాదళం, వైమానిక దళం 1996–2000 మధ్య విమానాల్లో ఇలా ఒకదాంట్లోంచి ఇంకోదానికి సామాన్లు మార్చింది దాదాపు 8,50,000 సార్లని, అందుకు అదనంగా 53 లక్షల పనిగంటలు పట్టాయని ఆ దేశపు ప్రభుత్వ ఆడిట్ కార్యాలయం 2001లో లెక్క తేల్చింది. స్టోర్లు, ఇంజినీర్లు ఉన్నవాళ్ల సంగతే అది. మొత్తం ఖర్చు, అంటే లేతు పని, కొత్త రబ్బర్లు, బుష్‌లు (షాఫ్ట్‌ను పట్టి ఉంచే తొడుగులు), కూలి అన్నీ కలిపి అదే హెచ్‌పీ కొత్త సెట్టు ధరలో సగం దాటేలా ఉంటే మానుకోండి.

విప్పడానికి కూడా ఒక వరస ఉంది. మొదట చూడాల్సింది సగాల మార్పు: ఒకదాని పంపు మొత్తంగా, ఇంకోదాని మోటారు మొత్తంగా, దేన్నీ లోపల విప్పకుండా కలపడం. ఇది కుదిరితే అంతకంటే మంచిది లేదు. అది కుదరకపోతేనే పంపు లోపలి స్టేజీల (ఒక బౌల్, ఒక ఇంపెల్లర్ కలిస్తే ఒక స్టేజీ) జోలికి పోవాలి. మోటారు లోపలికి పోవడం అన్నిటికంటే ఆఖరున.

సగాలు కలుస్తాయా: నాలుగు కొలతలు

సెట్టు నిలబెట్టినప్పుడు మోటారు కింద, పంపు పైన, మధ్యలో నీళ్లు లోపలికి వెళ్లే జాలీ, దాని లోపల రెండు షాఫ్ట్‌లనూ కలిపే కప్లింగ్ ఉంటాయి. రెండు కంపెనీల సగాలు కలవాలంటే ఫ్లాంజి (రెండు సగాలనూ బోల్టులతో కలిపే చక్రం లాంటి అంచు) బోల్టు రంధ్రాల వలయం, ఫ్లాంజి మధ్య కూర్చునే గుండ్రటి అంచు వ్యాసం, షాఫ్ట్ ఫ్లాంజి మీదికి పొడుచుకు వచ్చిన ఎత్తు, షాఫ్ట్ చివర పళ్లు లేదా కీ, ఈ నాలుగూ సరిపోవాలి. వెర్నియర్‌తో కొలవండి, కంటి అంచనా వద్దు.

నీమా (అమెరికా విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం) ప్రమాణంలో చేసిన మోటార్లకు ఈ చిక్కు తక్కువ. నాలుగు అంగుళాల నీమా మోటారు షాఫ్ట్‌కు 14 పళ్లు, ఎత్తు సుమారు 38 మిల్లీమీటర్లు. ఆరు అంగుళాలదానికి 15 పళ్లు, ఎత్తు సుమారు 73 మిల్లీమీటర్లు. కోయంబత్తూరు నుంచి వచ్చే పాత సెట్లలో చాలావాటికి ఆ కంపెనీ సొంత కొలతే ఉంటుంది, కీ వేసిన స్లీవ్ కప్లింగ్ ఉంటుంది. అలాంటప్పుడు పంపు జాలీ భాగాన్ని, కప్లింగ్‌ను మోటారు కంపెనీవే వేసుకుని పైన స్టేజీలు మాత్రం మార్చుకోగలమేమో చూడాలి. లేతు మీద అడాప్టర్ ఫ్లాంజి తీయించవచ్చు. అయితే షాఫ్ట్ నడిమధ్యకూ ఫ్లాంజి నడిమధ్యకూ తేడా ఉండకూడదు. అడాప్టరు ఒక వైపు 0.2 మిల్లీమీటర్లు జరిగినా నిమిషానికి 2,800కు పైగా తిరిగే షాఫ్ట్ మీద ఆ జరుగుడు పైబుష్‌ను అరగదీస్తుంది. అడాప్టర్‌ను రెండుసార్లు కాకుండా ఒకే బిగింపులో తిప్పి తీయమని లేతు మేస్త్రికి చెప్పండి.

పళ్ల కప్లింగ్ అయితే పళ్ల మీద మెట్టులా అరుగుదల పడిందేమో గోటితో చూడండి. గోరు తగిలితే ఆ కప్లింగ్ పారేయాల్సిందే. కొత్త కప్లింగ్‌ను పాత అరిగిన షాఫ్ట్ మీద వేయడం కూడా అంతే పనికిమాలిన పని.

హెచ్‌పీ, స్టేజీల లెక్క

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. ‘మోటారు 7.5 హెచ్‌పీది, పంపు 10 హెచ్‌పీది, కొంచెం తక్కువ నీళ్లు పోస్తుందిలే’ అనుకుని బిగిస్తారు. అలా జరగదు. పంపు తనకు కావలసినంత శక్తిని లాగుతుంది, మోటారు ఆంప్స్ పెరుగుతాయి, స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే (ఆంప్స్ మించితే మోటారును ఆపేది) పడుతుంది. రిలే మాటిమాటికీ పడుతోందని దాన్ని పైకి తిప్పేస్తారు. పది రోజుల్లో వైండింగ్ మాడుతుంది.

లెక్క సులువు. ఒకే రకం ఇంపెల్లర్లు ఉన్న పంపులో ప్రతి స్టేజీ సమానంగా శక్తి తీసుకుంటుంది, సమానంగా ఎత్తు ఇస్తుంది. ఉదాహరణకు 10 హెచ్‌పీ, 20 స్టేజీలు, 200 మీటర్ల హెడ్ (నీళ్లను ఎత్తగల ఎత్తు) అని ప్లేటు మీద ఉందనుకోండి. స్టేజీకి అర హెచ్‌పీ, 10 మీటర్లు. 7.5 హెచ్‌పీ మోటారు మీద ఇదే పంపు నడవాలంటే 15 స్టేజీలకు మించకూడదు, అప్పుడు వచ్చే హెడ్ 150 మీటర్లు, అంటే 490 అడుగులు. పైపులో రాపిడికి కొంత పోతుంది, పైన డ్రిప్ ఫిల్టరుకు ఒత్తిడి కావాలంటే దానికీ కొంత పోతుంది. మీ బోరులో నీళ్లు వేసవిలో 450 అడుగులకు దిగిపోతే ఈ జంట పనికిరాదు. రెండు సెట్లున్నా ఈ బోరుకు కావలసిన సెట్టు వాటిలో లేనట్టే.

స్టేజీలు తగ్గించడమంటే ఐదు బౌళ్లు తీసి పక్కన పెట్టడం కాదు. షాఫ్ట్ పొడవు మిగిలిపోతుంది. షాఫ్ట్‌ను కోయించి చివర మరలు, కీ గాడి కొత్తగా తీయించాలి, బయట నిలువు పట్టీలతో బిగించే పంపైతే ఆ పట్టీలను కూడా పొట్టి చేయించాలి. ఇచ్చే సెట్టులో ఇప్పటికే ఆ పొడవు షాఫ్ట్ ఉంటే అదే వాడుకోవచ్చు.

హెచ్‌పీ సరిపోయినా ఇంకొకటి ఉంది: థ్రస్ట్. పైకి నీళ్లు తోసే పంపు తన షాఫ్ట్‌ను కిందికి తోస్తుంది, ఆ బరువంతా మోటారు అడుగున ఉన్న థ్రస్ట్ బేరింగ్ మోస్తుంది. తక్కువ స్టేజీల, ఎక్కువ నీళ్ల పంపు కోసం చేసిన మోటారు మీద అదే హెచ్‌పీ ఉన్న ఎక్కువ హెడ్ పంపు ఎక్కిస్తే థ్రస్ట్ ప్లేట్లు పొడి అవుతాయి. మోటారు కేటలాగులో థ్రస్ట్ లోడు కిలోల్లోనో న్యూటన్లలోనో ఇస్తారు, అది చూసుకోండి.

పంపు విప్పడం

పంపును పడుకోబెట్టి, పైన ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు) నుంచి కింద జాలీ దాకా బౌళ్ల బయట పెయింటు మార్కరుతో ఒక నిలువు గీత గీయండి. ప్రతి బౌల్ మీద అంకె వేయండి, పైనుంచి 1, 2, 3. ఇంపెల్లర్ మీద కూడా అదే అంకె. కలిసి అరిగిన జంట కలిసే ఉండాలి: 7వ బౌల్‌లో 7వ ఇంపెల్లరే. బాగున్న ఇంపెల్లర్లన్నీ ఒక చోట, బాగున్న బౌళ్లన్నీ ఒక చోట పోగేసి కలిపితే సందులు ఒక్కోచోట ఒక్కోలా వస్తాయి. పక్క సెట్టులోంచి స్టేజీ తెచ్చుకోవాలంటే బౌల్, ఇంపెల్లర్, వేర్ రింగు (బౌల్‌లో ఇంపెల్లర్ మెడ తిరిగే రింగు), బుష్ నాలుగూ కలిపి తెచ్చుకోండి.

ఒకే కంపెనీ పేరున్నంత మాత్రాన ఇంపెల్లర్లు ఒకటి కావు. బయటి వ్యాసం, లోపలి రంధ్రం, రెక్కల సంఖ్య, నీళ్లు బయటికొచ్చే అంచు మందం కొలవండి. అంచు మందం 6 మిల్లీమీటర్లు ఉన్న వాటి మధ్య 9 మిల్లీమీటర్లది ఒకటి పడితే దాని నీళ్లను మిగతావి దాటనివ్వవు. నీళ్లు పెరగవు, ఆంప్స్ మాత్రం మారతాయి.

అరుగుదల చూసే పద్ధతి: ఇంపెల్లర్ మెడను బౌల్ వేర్ రింగులో కూర్చోబెట్టి పక్కకు ఊపండి. ఊగుడు చేతికి స్పష్టంగా తెలిస్తే రింగు మార్చాలి. రెక్కల మీద వేలు రాస్తే కత్తి అంచులా పదునుగా ఉంటే ఇసుక తినేసినట్టు. అలాంటి ఇంపెల్లర్‌ను ఏ స్టేజీలోనూ వాడకండి. రబ్బరు బుష్‌ల లోపల గాడులు నున్నగా అయిపోయి ఉంటే పారేయండి. షాఫ్ట్‌ను రెండు వీ-బ్లాకుల మీద పెట్టించి డయల్ గేజీతో తిప్పి చూడండి. మధ్యలో 0.1 మిల్లీమీటరు దాటి ఊగితే వాడవద్దు. సుత్తితో కొట్టి సరిచేసిన షాఫ్ట్ వారంలో మళ్లీ వంగుతుంది.

ఉప్పు నీళ్ల బోరులో నడిచిన పంపు రెక్కల మీద తెల్లటి సున్నపు పొర గట్టిగా పడుతుంది. లీటరు నీళ్లకు 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలిపి ఇంపెల్లర్లను నానబెట్టి బ్రష్ వేస్తే వదులుతుంది. పోత ఇనుప బౌళ్లను అందులో ఎక్కువసేపు ఉంచకండి, తీసిన వెంటనే మంచినీళ్లతో కడగాలి. స్క్రూడ్రైవరుతో గీకితే ప్లాస్టిక్ ఇంపెల్లర్ల రెక్కలు చీలతాయి.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్టేజీ వేశాక షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. ఐదో స్టేజీ దగ్గర బిగుసుకుంటే ఐదో దాంట్లోనే తప్పుంది, అక్కడే ఆగాలి. అన్నీ వేశాక తిప్పితే తప్పెక్కడుందో వెతకడానికి మళ్లీ అన్నీ విప్పాలి. చివర షాఫ్ట్ కిందికీ పైకీ కొంత ఆడాలి. ఆ ఆట ఎంతో కొలిచి రాసి పెట్టుకోండి, కప్లింగ్ దగ్గర అవసరం పడుతుంది.

మోటారు: విప్పకముందే తీర్పు

మోటారును విప్పకుండానే చాలా సంగతులు తెలుసుకోవచ్చు. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తీసుకుని మూడు లీడ్లకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ చూడండి. బోరు బయట, కేబులు లేకుండా వాడిన మోటారుకు 10 మెగోములు పైన ఉంటే మళ్లీ దించవచ్చు. ఈ పరీక్షను పొడి మోటారు మీద చేసి సంతోషపడితే మోసపోతాం. లోపల నీళ్లు నింపి, మొత్తం మోటారును నీళ్ల తొట్టిలో రాత్రంతా ముంచి ఉంచి, పొద్దున చూడాలి. సన్నని పగులు ఉన్న వైండింగ్ వైరు అప్పుడే బయటపడుతుంది.

తర్వాత మూడు జతల మధ్య రెసిస్టెన్సు. విలువలు చిన్నవి, మామూలు మల్టీమీటరు నమ్మదగ్గది కాదు, వైండింగ్ అంగట్లో ఉండే తక్కువ ఓముల మీటరు కావాలి. మూడింటి మధ్య తేడా 5 శాతం దాటితే ఒక ఫేజులో చుట్లు కలిసిపోయి ఉంటాయి, లేదా లీడు జాయింటు వదులైంది.

షాఫ్ట్ పైకి లాగి చూడండి. ఆట ఉండాలి కానీ కిందికి వదిలినప్పుడు గరగరమనే ఇసుక స్పర్శ ఉండకూడదు. నింపే ప్లగ్గు తీసి నీళ్లు గుడ్డ మీద పోయండి. నల్లటి పొడి కనిపిస్తే థ్రస్ట్ బేరింగ్ కార్బన్ పోతోంది. ఎర్ర బురద అయితే బోరు నీళ్లు సీలు దాటి లోపలికి వచ్చాయి. కాలిన వాసన వస్తే ఇక చెప్పనక్కరలేదు.

మోటారు లోపలి సామాను మార్చవలసి వస్తే, మార్చుకోదగ్గవి: రోటరు (లోపల తిరిగే భాగం), స్టేటరు (దాని చుట్టూ వైండింగ్ ఉన్న, తిరగని భాగం) పైపుతో సహా కోర్, అడుగు మూత, పైమూత, ప్లగ్గులు. రోటరు మీద స్టేటరు రాసుకున్న గీతలు మెరుస్తూ కనిపిస్తే ఆ రెండూ ఇచ్చే సెట్టులోనే ఉండిపోవాలి. ఒకదాని థ్రస్ట్ ప్లేటును ఇంకోదాని కార్బన్ మీద వేయకూడదు, అరుగుదల రెండింటికీ ఒకేలా పడి ఉంటుంది కాబట్టి జతగానే మార్చాలి. అడుగున ఉండే రబ్బరు డయాఫ్రం, ఆయిల్ సీలు, ఇసుక అడ్డు, ఓ-రింగులు ఎప్పుడూ కొత్తవే. ఇవి పాతవి తీసి వాడటం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే పిసినారి పొరపాటు. వాటి ఖరీదు ఒక దింపుడు కూలిలో పదో వంతు కూడా ఉండదు. పాత వైండింగ్ వైరు తీసి మళ్లీ చుట్టడం కుదరదు, దాని ప్లాస్టిక్ పొర లాగినప్పుడే సాగి పల్చబడుతుంది. ఆ రాగి పాత సామాన్ల అంగట్లో తూకానికే.

నీళ్లు నింపడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ తొందరపడితే మోటారు పోతుంది. వడగట్టిన మంచినీళ్లు వాడండి. మోటారును నిలబెట్టి, రెండు ప్లగ్గులూ తీసి, సన్నగా పోయండి. నిండాక అటూ ఇటూ ఊపండి, బుడగలు వస్తాయి. అరగంట ఆగి మళ్లీ నింపండి. బుడగలు పూర్తిగా ఆగేదాకా ఇలాగే. లోపల గాలి మిగిలితే అది పైబుష్ దగ్గర చేరి, ఆ బుష్ పొడిగా తిరుగుతుంది. ‘తిరుగుతుందో లేదో చూద్దాం’ అని నేల మీద పొడిగా అర నిమిషం నడపడం కూడా ఇలాంటిదే. ఈ బుష్‌లకు నీళ్లే కందెన. నూనె మోటారులో మాత్రం నీళ్లు పోయకూడదు, ఏ నూనె పడితే ఆ నూనె కూడా పోయకూడదు.

రెండింటినీ కలపడం

మోటారును నిలబెట్టి, పళ్ల మీద నీళ్లకు కరగని గ్రీజు కొంచెం రాసి, పంపును పైనుంచి నిటారుగా దించండి. పడుకోబెట్టి కలిపితే పంపు బరువు కప్లింగ్ మీద వాలి షాఫ్ట్ వంగుతుంది. ఫ్లాంజి కూర్చునే సమయానికి పంపు షాఫ్ట్ కొంచెం పైకి లేవాలి. లేవలేదంటే మోటారు షాఫ్ట్ ఎత్తు చాలలేదు, ఇంపెల్లర్లు బౌళ్ల మీద కూర్చుని రుద్దుకుంటాయి. మరీ పైదాకా లేచిపోయి ఆట మిగలకపోతే ఇంపెల్లర్లు పైబౌల్‌కు తగులుతాయి. ముందు కొలిచి రాసుకున్న ఆటలో కొంత కింద, కొంత పైన మిగలాలి. రెండు కంపెనీల సగాలు కలిపినప్పుడు కప్లింగ్‌లో వేసే వాషరు మందంతోనే ఇది సరిపోతుంది. స్టెయిన్‌లెస్ బోల్టులు పొడిగా బిగిస్తే మరలు పట్టేసుకుంటాయి, గ్రీజు రాసి, ఎదురెదురు బోల్టులు వరుసగా బిగించండి.

ఇప్పుడు తొట్టి పరీక్ష. సెట్టు మొత్తం మునిగే లోతు తొట్టి గానీ ఇంటి సంపు గానీ చాలు. పైన జీఐ (గాల్వనైజ్డ్ ఇనుప) ఫిట్టింగులతో ఒక వాల్వు, దాని ముందు ప్రెషర్ గేజీ. గేజీ మీద 1 కిలో అంటే 10 మీటర్లు, 33 అడుగులు. 15 స్టేజీల పంపు వాల్వు మూసేస్తే 15 కిలోలు దాటవచ్చు. ప్లాస్టిక్ పైపు ఆ ఒత్తిడికి పగిలి మీద పడుతుంది, అందుకే జీఐ. వాల్వును మెల్లగా మూస్తూ గేజీ చూడండి, పూర్తిగా మూసి నిమిషానికి మించి ఉంచకండి. స్టేజీ లెక్క ప్రకారం రావలసిన దానికంటే గేజీ బాగా తక్కువ చూపిస్తే ముందు రెండు ఫేజులు మార్చి చూడండి. తలకిందులుగా తిరిగే పంపు కూడా నీళ్లు పోస్తుంది, తక్కువగా పోస్తుంది. అందుకే ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉంటుంది.

కేబులు, స్టార్టరు

ఇచ్చే సెట్టుతో వచ్చిన కేబులును లెక్క చూడకుండా వాడేస్తారు. 7.5 హెచ్‌పీ మోటారు 14 ఆంప్స్ తీసుకుంటుందనుకుందాం, కేబులు 250 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులులో సుమారు 25 వోల్టులు దారిలోనే పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్లదైతే 17. లైనులో 415 వోల్టులు నిండుగా ఉన్నప్పటి లెక్క ఇది. మన ఊళ్లలో సాయంత్రం వోల్టేజి ఎంత ఉంటుందో తెలిసిందే.

పాత కేబులులో జాయింట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ప్రతిదీ కోసి కొత్తగా వేయడం మంచిది. మూడు వైర్ల జాయింట్లు ఒకే చోట పడకుండా నాలుగు వేళ్ల దూరంలో మెట్లుమెట్లుగా వేయాలి. మెలివేసి వదిలేయకుండా రాగి స్లీవుతో క్రింప్ చేయాలి, రబ్బరు టేపును సాగదీస్తూ సగం మీద సగం పడేలా చుట్టాలి, దాని మీద పీవీసీ టేపు. బక్కెట్టు నీళ్లలో జాయింటు ముంచి మెగ్గర్ పెట్టి చూశాకే దించండి.

10 హెచ్‌పీ మోటార్లకు తరచుగా ఆరు లీడ్లు, స్టార్-డెల్టా స్టార్టరు (మోటారును స్టార్ కలయికలో లేపి, తర్వాత డెల్టాకు మార్చేది) ఉంటాయి. మూడు లీడ్ల మోటారును ఆ స్టార్టరుకు కలపడం కుదరదు, డీఓఎల్ (లైను కరెంటును నేరుగా ఇచ్చే స్టార్టరు) కావాలి. డెల్టాలో నడిచే ఆరు లీడ్ల మోటారును డీఓఎల్ మీద పెట్టాలంటే యూ1–డబ్ల్యూ2, వీ1–యూ2, డబ్ల్యూ1–వీ2 గుర్తులున్న లీడ్లను జతలుగా కలపాలి. తొందరలో స్టార్‌లో కలిపేస్తే మోటారు లేస్తుంది గానీ బలం చాలక వేడెక్కుతుంది. ఓవర్‌లోడ్ రిలేను కొత్త మోటారు ప్లేటు మీది ఆంప్స్‌కు మార్చండి. స్టార్-డెల్టాలో రిలే వైండింగ్ వైపు ఉంటే ఆ ఆంప్స్‌ను 0.58తో గుణించి పెట్టాలి. హెచ్‌పీ పెరిగితే సర్వీసు లోడు కూడా కరెంటు పంపిణీ సంస్థ ఏపీఎస్పీడీసీఎల్‌లో పెంచుకోవాలి, లేదంటే మీ మోటారుతో పాటు పక్కవాళ్లవీ వేడెక్కి, చివరికి ట్రాన్స్‌ఫార్మరు పోతుంది.

దించాక

అడుగు నుంచి కనీసం పది అడుగులు పైన ఆపండి. ఆరున్నర అంగుళాల బోరులో వి4 మోటారు దించితే ఒక చిక్కుంది: మోటారు పక్కగా పారే నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి, వెడల్పు బోరులో ఆ పారుదల నెమ్మదిస్తుంది. సెకనుకు 8 సెంటీమీటర్ల వేగమైనా ఉండాలంటే అలాంటి బోరులో నిమిషానికి సుమారు 70 లీటర్లు రావాలి. అంతకంటే తక్కువ వచ్చే బోరైతే మోటారు చుట్టూ పీవీసీ తొడుగు వేసి, నీళ్లు కింది నుంచే పైకి వచ్చేలా చేయాలి. నీళ్ల ఊట పంపుకు పైన ఉన్న బోర్లలోనూ ఇదే చేయాలి.

కేబులుతో సహా దించాక మెగ్గర్ 0.5 మెగోముకు తగ్గకూడదు. స్టార్ట్ చేసి టాంగ్ టెస్టరుతో (వైరు చుట్టూ పట్టి ఆంప్స్ చూసే మీటరు) మూడు ఫేజుల ఆంప్స్ రాయండి. సగటు నుంచి ఎక్కువ తేడా ఉన్న ఫేజు 5 శాతం దాటితే స్టార్టరు దగ్గర మూడు వైర్లనూ ఒక్కో స్థానం ముందుకు జరిపి మళ్లీ రాయండి. మూడూ వరుసగా జరిగితే తిరిగే దిశ మారదు. ఎక్కువ ఆంప్స్ అదే లైను మీద ఉండిపోతే లోపం కరెంటులో ఉంది, లైన్‌మన్‌కు చెప్పాలి. వైరుతో పాటు జరిగితే లోపం మోటారులోనో కేబులులోనో ఉంది, మీరే ఎత్తాలి. ఆ కాగితాన్ని స్టార్టరు పెట్టె లోపల అతికించండి: తేదీ, ఏ సెట్టు నుంచి ఏ భాగం వచ్చింది, ఎన్ని స్టేజీలు, ఆంప్స్. వారం తర్వాత, నెల తర్వాత మళ్లీ చూసి పక్కన రాయండి. నీళ్లు తగ్గుతూ ఆంప్స్ తగ్గితే బోరు దిగుతోంది, లేదా పంపు అరుగుతోంది. నీళ్లు తగ్గుతూ ఆంప్స్ పెరిగితే లోపల ఎక్కడో రాసుకుంటోంది, ఆలస్యం చేయకండి.

ఇచ్చే సెట్టును ఎండిన బోరులోంచి ఎత్తి ఉంటే ఆ బోరు పని మిగిలే ఉంది. గోనెసంచి కప్పి రాయి పెట్టడం మూత కాదు. వదిలేసిన బోర్లను అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలిచ్చింది. మళ్లీ వానలకు నీళ్లొస్తాయేమోనన్న ఆశతో ఉంచుకునేటట్టయితే కేసింగ్ మీద ఇనుప రేకు వెల్డింగు చేయించాలి, లేదా బోల్టులతో బిగించిన గట్టి మూత పెట్టాలి. కేసింగ్ చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, నేల పైన 30, కింద 30 సెంటీమీటర్లు ఉండేలా కాంక్రీటు దిమ్మె పోయాలి. సెట్టు ఎత్తిన రోజే, చైన్‌పుల్లీ దించకముందే ఆ వెల్డింగు పని కూడా పూర్తి చేయించండి.